అతివాహకాలు: మా నాయన అడిగిన ప్రశ్న

(మూడవ సంవత్సరం బి.ఎస్సి. విద్యార్థి)

పోయిన ఎండాకాలం మా బోరు మోటారు కాలిపోయింది. మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరుకు అన్నిటికంటే దూరంగా ఉన్నది మా బోరే. అందరి మోటార్లూ తిరగడం మొదలయ్యేసరికి మా చేను కాడికి వచ్చే వోల్టేజి పడిపోతుంది. రివైండింగు షాపులో మోటారు విప్పి చూస్తే రాగితీగె మీది పూత మాడి బొగ్గులాగా ఉంది. ఖర్చు ఎనిమిది వేలు, ఆలస్యం నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లోనే టమోటా తోట తలవాల్చేసింది.

ఆ షాపు ముందర బెంచీ మీద కూర్చున్నప్పుడు మా నాయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు.

"ఏమ్రా, కరెంటు ఏ మాత్రం నష్టం లేకుండా పారే తీగె ఉందని టీవీలో చెప్పినారే. నువ్వు చదివేది అదే గదా. ఆ తీగె మన బోరు దాకా వేస్తే ఈ పీడ వదలదా?"

"ఉంది నాయనా. కానీ అది శానా చల్లగా ఉండాల" అన్నాను. "ఎంత చల్లగా? ఎందుకు?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. పరీక్షలో నాలుగు మార్కులకు రాసే నిర్వచనం నోటికి వచ్చుగానీ, కన్నతండ్రికి చెప్పగలిగినంత తెలియదని ఆ రోజు అర్థమయింది. సెలవుల తర్వాత లైబ్రరీలో చదివినదీ, మా లెక్చరర్లను విసిగించి తెలుసుకున్నదీ కలిపి ఈ వ్యాసంలో రాస్తున్నాను. ఆయనకు చెప్పవలసిన జవాబు ఇందులో ఉంది. తోటి విద్యార్థులకూ పనికొస్తుందని నా ఆశ.

నష్టం ఎక్కడ పుడుతుంది?

లోహంలో కరెంటు అంటే ఎలక్ట్రాన్ల ప్రవాహం. లోహపు అణువులు స్ఫటిక జాలకంగా వరుసలు కట్టి ఉంటాయి గానీ కదలకుండా ఉండవు. వేడి కొద్దీ కంపిస్తుంటాయి. ఈ కంపనాలు, మధ్యలో దొర్లిన మలినాలు ఎలక్ట్రాన్లను దారి తప్పిస్తుంటాయి. దీనినే నిరోధం అంటాము. ఇట్లా పోయిన శక్తి వేడిగా మారుతుంది. ఆ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

మా మోటారు సంగతే చూడండి. దూరపు తీగెలో నిరోధం వల్ల కొంత వోల్టేజి దారిలోనే పోతుంది. వోల్టేజి తగ్గిన మోటారు అదే నీళ్లు ఎత్తడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఏడు ఆంపియర్లు లాగవలసినది పది లాగిందనుకుందాం. కరెంటు ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, కానీ ఏడు వర్గం 49, పది వర్గం 100. కాబట్టి కాయిల్లో వేడి రెండింతలు దాటింది. దారిలో పోయిన వోల్టేజికీ, మాడిన కాయిలుకూ మూలం ఒక్కటే, నిరోధం. మా నాయన ప్రశ్న సరిగ్గా ఆ మూలం మీదనే పడింది.

లోహాన్ని చల్లబరిస్తే అణువుల కంపనం తగ్గి నిరోధమూ తగ్గుతుంది. మరి పరమశూన్య ఉష్ణోగ్రత, అంటే సున్నా కెల్విన్ లేక మైనస్ 273 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి పోయే కొద్దీ ఏమవుతుంది? ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో దీని మీద పెద్ద తర్జనభర్జన నడిచింది. నిరోధం మెల్లగా తగ్గుతూ పోతుందని కొందరు, మలినాల కారణంగా ఒక చోట ఆగిపోతుందని కొందరు అన్నారు. ఎలక్ట్రాన్లు కూడా గడ్డకట్టి కరెంటే పారదని లార్డ్ కెల్విన్ భావించాడు. తేల్చుకోవాలంటే అంత చలిని తయారు చేయాలి.

లైడెన్ నగరంలో 1911

హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయంలో కామర్లింగ్ ఓన్స్ అనే ఆచార్యుడు 1908 జూలై 10న మొట్టమొదటిసారిగా హీలియం వాయువును ద్రవంగా మార్చాడు. అది 4.2 కెల్విన్ దగ్గర మరుగుతుంది. మూడేళ్ల తర్వాత, 1911 ఏప్రిల్ 8న, ఆయన బృందం పాదరసం నిరోధాన్ని ఆ చలిలో కొలిచింది. పాదరసాన్నే ఎన్నుకోవడానికి కారణం, దాన్ని మళ్లీ మళ్లీ బట్టీపట్టి చాలా శుద్ధంగా తయారు చేయవచ్చు.

4.2 కెల్విన్ దగ్గరికి రాగానే నిరోధం మెల్లగా తగ్గలేదు, ఒక్కసారిగా మాయమైపోయింది. వాదించుకున్నవాళ్లలో ఎవరూ ఊహించనిది జరిగింది. దీనికే అతివాహకత అని పేరు. ఇంగ్లీషులో సూపర్ కండక్టివిటీ అంటారు. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఈ మార్పు వస్తుందో అది ఆ పదార్థానికి సందిగ్ధ ఉష్ణోగ్రత. సీసానికి 7.2, నియోబియంకు 9.2, అల్యూమినియంకు 1.2 కెల్విన్లు.

ఇక్కడ "సున్నా" అంటే చాలా తక్కువ అని కాదు, నిజంగా సున్నాయే. అతివాహకపు చుట్టలో ఒకసారి కరెంటు మొదలుపెట్టి బ్యాటరీ తీసేసినా అది తిరుగుతూనే ఉంటుంది. 1963లో ఇట్లాంటి కరెంటును జాగ్రత్తగా కొలిచి, అది అణగారడానికి లక్ష సంవత్సరాలకు తక్కువ పట్టదని లెక్క కట్టారు.

నష్టం లేని కాయిలు చేతికి వచ్చింది కాబట్టి బ్రహ్మాండమైన అయస్కాంతాలు చేయవచ్చని ఓన్స్ ఆశపడ్డాడు. కానీ సీసం, తగరం వంటివి కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే అతివాహకతను పోగొట్టుకున్నాయి. ఆ ఆశ తీరడానికి 1960 దశకం దాకా ఆగవలసి వచ్చింది. నియోబియం-తగరం, నియోబియం-టైటానియం వంటి పదార్థాలు బలమైన క్షేత్రాలను తట్టుకున్నాయి. ఈ రోజు పెద్దాసుపత్రుల్లో ఎం.ఆర్.ఐ. స్కానింగు యంత్రం లోపల ఉన్నది నియోబియం-టైటానియం తీగె చుట్టలే. మనలో ఎవరి ఇంట్లోనైనా అమ్మకో తాతకో ఎం.ఆర్.ఐ. తీసి ఉంటే, ఆ ఇంటికి అతివాహకం అప్పటికే ఒక మేలు చేసినట్లే.

అయస్కాంతాన్ని గెంటివేసే గుణం

1933లో జర్మనీలో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు మరొక గుణాన్ని కనుగొన్నారు. అతివాహకం తన లోపలికి అయస్కాంత క్షేత్రాన్ని రానివ్వదు. ముందే లోపల ఉన్న క్షేత్రాన్ని కూడా, చల్లబడి అతివాహకంగా మారే క్షణంలో బయటికి గెంటివేస్తుంది.

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు. నిరోధం పోవడం ఒక్కటే అతివాహకత అయితే, లోపల అంతకు ముందు ఉన్న క్షేత్రం అట్లాగే చిక్కుకుపోయి ఉండాలి. అది బయటికి పోయిందంటే అక్కడ ఉన్నది ఉత్త "మంచి రాగి" కాదు, పదార్థం కొత్త స్థితిలోకి మారిందన్నమాట. నీళ్లు గడ్డకట్టి మంచు అయినట్లు, ఎలక్ట్రాన్ల సమూహమే వేరొక స్థితిలోకి వెళ్లింది. ఆ స్థితి ఏమిటో చెప్పడానికి మరో ఇరవై నాలుగేళ్లు పట్టింది.

జతలు కట్టిన ఎలక్ట్రాన్లు

1957లో అమెరికాలో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనే ముగ్గురు దీనికి సిద్ధాంతం చెప్పారు. బార్డీన్ అప్పటికే ట్రాన్సిస్టరుకు నోబెల్ బహుమతి అందుకున్న పెద్దమనిషి. ష్రీఫర్ ఆయన దగ్గర రిసెర్చి చేస్తున్న విద్యార్థి. 1972లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

ఎలక్ట్రాన్లన్నీ ఋణావేశం కలవి, ఒకదాన్నొకటి నెట్టుకోవాలి. కానీ లోహంలో ఒక ఎలక్ట్రాన్ పోతున్నప్పుడు దాని పక్కనున్న ధనావేశపు అణువులు కొంచెం దాని వైపుకు వంగుతాయి. అణువులు బరువైనవి కాబట్టి వెంటనే వెనక్కి రాలేవు. ఎలక్ట్రాన్ వెళ్లిపోయినా ఆ చోట కాసేపు ధనావేశం గుమిగూడి ఉంటుంది. నులకమంచం మీద ఒకరు కూర్చుని లేచిన తర్వాత కూడా కొంతసేపు గుంత ఉన్నట్లు. ఆ గుంత వైపుకు రెండో ఎలక్ట్రాన్ ఆకర్షింపబడుతుంది. ఇట్లా అణువుల మధ్యవర్తిత్వంతో ఏర్పడే జతకు కూపర్ జత అని పేరు.

ఇందులో ఒక విచిత్రం గమనించాలి. మామూలు వేడిలో ఎలక్ట్రాన్లకు అడ్డుపడి నష్టం కలిగించేవి ఈ అణువుల కదలికలే. చలిలో జతలు కట్టిస్తున్నవీ అవే. అందుకే రాగి, వెండి, బంగారం మంచి వాహకాలైనా, మామూలు పీడనం దగ్గర వాటిని ఎంత చల్లబరిచినా అవి అతివాహకాలు అయినట్లు ఎవరూ చూడలేదు. వాటిలో ఎలక్ట్రాన్లకూ అణువులకూ మధ్య సంబంధం బలహీనం. మామూలుగా మంచి వాహకం కాని సీసం మాత్రం అవుతుంది.

జత అనగానే కాడికి కట్టిన ఎద్దులు గుర్తుకు వస్తాయి గానీ ఆ పోలిక సరిపోదు. జతలోని రెండు ఎలక్ట్రాన్లూ పక్కపక్కన ఉండవు. వాటి మధ్యన లక్షలాది ఇతర జతలు ఉంటాయి. దీనికి మా ఊరి చెక్కభజన మంచి పోలిక. వలయంలో నా అడుగుకు జవాబు ఇచ్చే మనిషి ఎదురు వైపున ఉంటాడు, కానీ అందరిదీ ఒకే తాళం. ఆ తాళంలో ఒక్కణ్ణి మాత్రం దారి తప్పించడం కష్టం. అతివాహకంలో కూడా అంతే. కోట్లానుకోట్ల జతలన్నీ కలిసి ఒకే తరంగంగా నడుస్తాయి. ఒక్క జతను విడదీయాలన్నా కనీసం ఇంత శక్తి కావాలనే హద్దు ఉంది. బాగా చల్లగా ఉన్నప్పుడు కంపించే అణువుల దగ్గర అంత శక్తి ఉండదు. విడదీయలేవు కాబట్టి అడ్డుపడలేవు.

ఇదే ఈ వ్యాసంలో ముఖ్యమైన సంగతి. నిరోధం లేకపోవడం పైకి కనిపించే గుర్తు మాత్రమే. అసలు విశేషం ఆ ఒకే తాళం. ముందుముందు మనం చూడబోయే పరికరాలన్నీ ఆ తాళాన్ని వాడుకునేవే.

పశువుల డాక్టరు క్యాను

మా నాయన అడిగిన "ఎంత చల్లగా?" అనే ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. ద్రవ హీలియం చాలా ఖరీదైనది, దొరకడం కష్టం. అయితే పల్లెటూరి వాళ్లందరూ చూసిన ఇంకొక చల్లని ద్రవం ఉంది. ఆవు ఎదకు వచ్చినప్పుడు సూది వేయడానికి వచ్చే మనిషి ఒక అల్యూమినియం క్యాను తెస్తాడు. మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది. అందులో ఉన్నది ద్రవ నైట్రోజన్, 77 కెల్విన్లు, అంటే మైనస్ 196 డిగ్రీలు. గాలి నుంచే తయారవుతుంది కాబట్టి హీలియం కంటే ఎంతో చౌక.

1986లో స్విట్జర్లాండులోని ఐ.బి.ఎం. లాబులో బెడ్నోర్జ్, ముల్లర్ అనే ఇద్దరు రాగి, ఆక్సిజన్ కలిసిన ఒక పింగాణీ వంటి పదార్థంలో 30 కెల్విన్లు దాటిన చోట అతివాహకతను చూశారు. మరుసటి ఏడే వాళ్లకు నోబెల్ వచ్చింది. 1987లో ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థం 90 కెల్విన్లు దాటింది. అంటే పశువుల డాక్టరు క్యానులోని ద్రవమే సరిపోతుందన్నమాట. పాదరసం కలిసిన ఇదే జాతి పదార్థం 1993లో 130 కెల్విన్లు దాటింది.

మరి తీగెలు ఎందుకు రాలేదు? మొదటి కారణం, ఈ పదార్థాలు రాగిలా సాగవు, కుండపెంకులా పెళుసు. లోహపు పట్టీల మీద పలుచని పొరగా వేయాలి, లేదా వెండి గొట్టాల్లో నింపి సాగదీయాలి. రెండవది, చల్లబరిచే యంత్రం తిరగడానికీ కరెంటు కావాలి. తీగెలో మిగిలినది అక్కడ ఖర్చవుతుంది. తక్కువ చోటులో చాలా ఎక్కువ కరెంటు పంపవలసిన చోటనే ఇది గిట్టుబాటు. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో 2014లో ఒక కిలోమీటరు పొడవున ఇట్లాంటి కేబులు వేసి, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తూ ఊరి మధ్యలో కొన్నేళ్లు నడిపించారు. పెద్ద నగరానికి అది సరే. ఐదు హార్సుపవర్ల మోటారు కోసం చేల మీదుగా నైట్రోజన్ గొట్టం వేయడమంటే, ఎలుకను పట్టడానికి కొండను తవ్వినట్లు.

నమ్మే ముందు రెండు పరీక్షలు

"చల్లబరచకుండానే పని చేసేది దొరికిందంట గదా" అని కొందరు మిత్రులు అంటారు. 2023 జూలైలో దక్షిణ కొరియా నుంచి ఎల్.కె.-99 అనే పదార్థం గురించి అట్లాంటి వార్తే వచ్చింది. సీసం, రాగి, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన పదార్థం అది. గది ఉష్ణోగ్రతలోనే అతివాహకమని, అయస్కాంతం మీద తేలుతోందని వీడియోలు చూపించారు. కొద్ది వారాల్లోనే ప్రపంచంలో ఎన్నో లాబులు దాన్ని తయారు చేసి చూశాయి. మన ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ కూడా వాటిలో ఒకటి. అతివాహకత కనబడలేదు. నిరోధం హఠాత్తుగా పడిపోయినట్లు కనిపించడానికి అందులో కలిసిన రాగి సల్ఫైడు మలినం కారణమని తేలింది.

దీనిలో మనకు పాఠం ఉంది. అతివాహకమని చెప్పడానికి రెండు సాక్ష్యాలు కావాలి: నిరోధం నిజంగా సున్నా కావాలి, మైస్నర్ చూపినట్లు క్షేత్రాన్ని గెంటివేయాలి. ఆపైన, ఇంకొకరి చేతిలో కూడా అట్లాగే జరగాలి. ప్రాక్టికల్స్‌లో రీడింగులు పక్కవాడి రికార్డు నుంచి ఎత్తి రాసే మనం (నేనూ చేశాను) ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి.

నిజంగా గది ఉష్ణోగ్రత దరిదాపులకు వెళ్లినవీ ఉన్నాయి. లాంథనం, హైడ్రోజన్ కలిసిన పదార్థం సుమారు 250 కెల్విన్ల దగ్గరే అతివాహకం అవుతుందని 2019లో ప్రకటించారు. అయితే దానికి వాతావరణ పీడనానికి పదహారు, పదిహేడు లక్షల రెట్ల ఒత్తిడి పెట్టాలి. రెండు వజ్రాల మొనల మధ్య నలిపిన రేణువు అది. దానితో తీగె లాగలేము.

ఇరవై రెండేళ్ల విద్యార్థి

1962లో కేంబ్రిడ్జిలో బ్రయన్ జోసెఫ్‌సన్ అనే రిసెర్చి విద్యార్థి ఉండేవాడు. వయస్సు 22, అంటే మన కంటే రెండేళ్లు పెద్ద. అతను ఒక లెక్క వేశాడు. రెండు అతివాహకాల మధ్య అణువులంత పలుచని బంధకపు పొర పెడితే, కూపర్ జతలు ఆ పొరను దాటి, వోల్టేజి ఏమీ లేకుండానే కరెంటు పారుతుందని లెక్క చెప్పింది. చిన్న వోల్టేజి పెడితే ఆ కరెంటు అటూ ఇటూ ఊగుతుంది. ఒక మైక్రోవోల్టుకు సెకనుకు సుమారు 48 కోట్ల 36 లక్షల సార్లు.

సాక్షాత్తు బార్డీన్ అది కుదరదని అచ్చులో రాశాడు. రెండు నోబెళ్లు అందుకోబోయే మనిషి ఒక వైపు, డాక్టరేటు కూడా చేతికి రాని కుర్రవాడు ఒక వైపు. 1963లో బెల్ లాబులో ఆండర్సన్, రోవెల్ ప్రయోగం చేసి చూశారు. కుర్రవాడి లెక్కే నిజమయింది. 1973లో జోసెఫ్‌సన్‌కు నోబెల్ వచ్చింది.

పలుచని పొరకు అటూ ఇటూ ఉన్న రెండు భజన వలయాలు ఒకదాని తాళం ఒకటి వింటున్నట్లు ఉంటుంది ఈ జోసెఫ్‌సన్ సంధి. రెండు తాళాల మధ్య తేడాను బట్టి కరెంటు మారుతుంది. ఆ తేడా అయస్కాంత క్షేత్రానికి కూడా చలిస్తుంది. అందుకే ఇట్లాంటి సంధులున్న చిన్న ఉంగరంతో స్క్విడ్ అనే పరికరం చేశారు. మెదడులో ఆలోచన నడిచేటప్పుడు పుట్టే అయస్కాంత క్షేత్రం, భూమి క్షేత్రంలో పది కోట్ల వంతుల్లో ఒక వంతుకు కూడా రాదు. స్క్విడ్ దాన్ని సైతం పట్టుకుంటుంది. మన దేశంలో కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధనా కేంద్రం స్క్విడ్‌లను సొంతంగా తయారు చేసింది.

బిట్టు నుంచి క్యూబిట్టుకు

ఇప్పుడు క్వాంటం కంప్యూటరు సంగతి. మామూలు కంప్యూటరులో బిట్టు సున్నాగానో ఒకటిగానో ఉంటుంది. క్వాంటం బిట్టు, అంటే క్యూబిట్టు, రెండింటి కలయికగా ఉండగలదు. అణువులకు మాత్రమే చెల్లుతుందనుకున్న ఈ గుణాన్ని చేత్తో పట్టుకోగల చిప్పులో ఎట్లా తెప్పించారు?

1984, 1985లలో అమెరికాలోని బర్క్‌లీలో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరె, జాన్ మార్టినిస్ అనే ముగ్గురు జోసెఫ్‌సన్ సంధి ఉన్న ఒక సర్క్యూటు మీద ప్రయోగాలు చేశారు. అందులోని కోట్లానుకోట్ల జతలన్నీ కలిసి ఒకే ఒక్క కణంలాగా ప్రవర్తించాయి. అణువులో మాదిరిగానే ఆ సర్క్యూటుకు కూడా శక్తి మెట్లు మెట్లుగా ఉందని చూపారు. అప్పుడు మార్టినిస్ రిసెర్చి విద్యార్థి. 2025లో ఈ ముగ్గురికీ నోబెల్ బహుమతి ప్రకటించారు.

మామూలు కాయిలు, కెపాసిటరు కలిపిన సర్క్యూటులో శక్తి మెట్లన్నీ సమాన ఎత్తులో ఉంటాయి. కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కించే మైక్రోవేవు, ఆ పై మెట్టుకూ ఎక్కించేస్తుంది. సున్నా, ఒకటి అనే రెండు మెట్ల దగ్గర ఆపలేము. జోసెఫ్‌సన్ సంధిని పెడితే మెట్లు మా పాత దిగుడుబావి మెట్లలాగా ఎగుడుదిగుడు అవుతాయి, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఎత్తు. అప్పుడు మొదటి రెండు మెట్లకు మాత్రమే సరిపోయే మైక్రోవేవు పంపి వాటినే వాడుకోవచ్చు. ఇదే క్యూబిట్టు. 1999లో జపానులో నాకమురా బృందం మొదటి అతివాహక క్యూబిట్టును నడిపించింది. ఈనాటి చిప్పుల్లో ఎక్కువగా వాడే ట్రాన్స్‌మాన్ అనే రకాన్ని 2007లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించారు.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. ఈ చిప్పుల్లో సంధులు అల్యూమినియంవి, అల్యూమినియం 1.2 కెల్విన్ల దగ్గరే అతివాహకం. మరి వాటిని 0.02 కెల్విన్ దాకా ఎందుకు చల్లబరుస్తున్నారు? జవాబు మెట్ల ఎత్తులోనే ఉంది. క్యూబిట్టు పౌనఃపున్యం సుమారు ఐదు గిగాహెర్ట్జ్. ఆ శక్తిని బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో భాగిస్తే 0.24 కెల్విన్ వస్తుంది. పరిసరాలు ఒక కెల్విన్ దగ్గర ఉంటే, మనం ఎక్కించకుండానే వేడి దాన్ని పై మెట్టుకు తోసేస్తుంది. కాబట్టి 0.24 కంటే పదింతలు చల్లగా ఉంచాలి. నిరోధం పోగొట్టడానికి ఒక చలి, నిశ్శబ్దం తేవడానికి అంతకు మించిన చలి. నక్షత్రాల మధ్య శూన్యం 2.7 కెల్విన్లు, ఈ చిప్పు దానికంటే నూరు రెట్లు చల్లన.

అంత చేసినా క్యూబిట్టు తాళం ఎక్కువసేపు నిలవదు. 1999లో సెకనులో కోట్ల వంతుల కాలమే నిలిచింది. ఇప్పుడు వందల మైక్రోసెకన్లు, కొన్ని లాబుల్లో ఒక మిల్లీసెకను దాటి నిలుస్తోంది. తప్పులు దొర్లుతూనే ఉంటాయి. అందుకని చాలా క్యూబిట్లను కలిపి ఒక నమ్మకమైన క్యూబిట్టుగా వాడతారు. గూగుల్ వాళ్ల 105 క్యూబిట్ల విల్లో చిప్పులో, క్యూబిట్ల సంఖ్య పెంచే కొద్దీ తప్పులు పెరగకుండా తగ్గాయని 2024 డిసెంబరులో ప్రకటించారు. ఇది పెద్ద అడుగు.

మన దేశం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. అమరావతిలో 156 క్యూబిట్ల ఐ.బి.ఎం. యంత్రం పెట్టే ఏర్పాటును 2025లో ప్రకటించారు. మనలో కొందరికి ఇది బ్రతుకుతెరువు కూడా కావచ్చు.

మా నాయనకు జవాబు

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇదంతా చెప్పాను. తీగె రాదని విని ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "మరి ఆ కంప్యూటరుతో రైతుకేం పని?" అన్నాడు. అప్పుడు మేము శెనక్కాయ చెట్లు పీకుతున్నాము. ఒక చెట్టు తీసి వేరు చూపించాను. వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నైట్రోజన్‌ను పట్టి అమ్మోనియాగా మారుస్తాయి, మామూలు ఎండకూ వానకూ. మన యూరియాకు అమ్మోనియా కావాలంటే ఫ్యాక్టరీలో నాలుగైదు వందల డిగ్రీల వేడి, వంద రెట్లకు మించిన పీడనం కావాలి. ఆ సూక్ష్మజీవుల పని చేసే ఎంజైము పేరు నైట్రోజినేజ్. దాని నడుమ ఇనుము, మాలిబ్డినం కలిసిన చిన్న గుంపులో ఎలక్ట్రాన్లు ఎట్లా నడుచుకుంటాయో లెక్క కట్టడం మామూలు కంప్యూటర్లకు అతికష్టం. ఎలక్ట్రాన్ల నడతను ఎలక్ట్రాన్ల నడతతోనే లెక్క కట్టే యంత్రం వస్తే ఆ రహస్యం విప్పవచ్చని శాస్త్రజ్ఞుల ఆశ. ఇంకా ఎవరూ విప్పలేదు. దానికి ఇప్పుడున్న వాటికంటే చాలా పెద్ద, తప్పులు లేని యంత్రం కావాలి.

"అంటే ఇంకా కాలేదు" అన్నాడు నాయన.

"కాలేదు నాయనా. చేసేవాళ్లు కావాల."

ఆయన ఆ వేరును చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "ఇన్నేండ్లు ఇది చీడనుకుంటే వేరు మంచిదేనన్నమాట" అని చెట్టును కుప్ప మీద వేశాడు.

మిత్రులారా, ఓన్స్ పాదరసం కొలిచినప్పుడు ఎం.ఆర్.ఐ. ఆయన కలలో లేదు. జోసెఫ్‌సన్ లెక్క వేసినప్పుడు క్యూబిట్టు అనే మాటే పుట్టలేదు. వాళ్లు చేసినదల్లా ఎదుట ఉన్న ప్రశ్నను వదలకుండా పట్టుకోవడం, పెద్దవాళ్లు కాదన్నా కొలతకే తలవంచడం. మా మోటారు మళ్లీ కాలవచ్చు. ఈసారి ఎందుకు కాలిందో మా నాయనకు తెలుసు. తీగె ఎందుకు రాదో, ఇంకేం రావచ్చో కూడా తెలుసు. నాలుగు మార్కుల నిర్వచనం కంటే ఇది నాకు ఎక్కువ తృప్తినిచ్చింది. మన ఇళ్లల్లో అడిగే ప్రశ్నలకు జవాబు వెదుక్కుంటూ చదివితే, సిలబసు దానంతటదే అయిపోతుందని నా అనుభవంతో మనవి చేస్తూ ముగిస్తున్నాను.